పదకొండున్నర టికెట్టు

మా అక్క కుట్టు మిషను పైన గోడకి ఒక క్యాలెండరు బొమ్మ అంటించి ఉంటుంది. విశాఖపట్నంలో దారాలు, లైనింగు గుడ్డలు హోల్‌సేల్‌గా అమ్మే షాపువాళ్ళు ఏ సంవత్సరమో ఇచ్చారు. తేదీలు అయిపోయాక అందరూ అలాంటివి చించి పుస్తకాలకి అట్టలేస్తారు. అక్క తేదీల ముక్క కత్తిరించేసి బొమ్మని మాత్రం ఉంచుకుంది. ఒక విదేశీ ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, తల వంచుకుని ఏదో కుడుతూ ఉంటుంది. బొమ్మంతా అంతే. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఎవరండీ ఆవిడ అనడిగితే, “మా మేనత్తండీ, ఫారిన్‌లో ఉంటాది” అనేది అక్క. నేను మాత్రం ఆ బొమ్మని సరిగ్గా చూసిందే లేదు. ఇంట్లో గోడలకి చాలా ఉంటాయి, అన్నీ ఎవరు చూస్తారు?

నర్సీపట్నంలో ఈ ఇంట్లో మేమిద్దరమే. అక్కకి బావ పోయి చాలా ఏళ్ళయింది. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదన్నది ఇప్పుడు చెప్పే కథ కాదు. అక్క జాకెట్లు కుడుతుంది. నేను ఒక డాక్టరుగారి క్లినిక్‌లో కౌంటరు దగ్గర కూర్చుని టోకెన్లు రాస్తాను. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే కుర్చీ.

కౌంటరు పక్కన ఒక బోర్డుంది. “టోకెన్లు ఉదయం 8 నుండి 12 వరకు మాత్రమే.” ఆ బోర్డు రాయించింది నేనే. మొన్నమొన్నటి దాకా ఒక్క రోజు కూడా ఆ బోర్డు ప్రకారం పని జరగలేదు. కొయ్యూరు వైపు కొండల మీంచి వచ్చేవాళ్ళు రోడ్డు దాకా నడిచి, బస్సు కోసం ఎదురుచూసి, అది వచ్చినప్పుడు ఎక్కి దిగేసరికి ఒంటిగంట అవుతుంది. వచ్చి గుమ్మంలో నిలబడతారు. “టైమెంతయిందో సూసుకోరేటి?” అని నేను తిడతాను. వాళ్ళు దండం పెడతారు. ఇంకోసారి తిడతాను. మళ్ళీ దండం పెడతారు. అప్పుడు టోకెను రాసిస్తాను. వాళ్ళ కోసమే రోజూ పది టోకెన్లు విడిగా ఆపి ఉంచుతానని డాక్టరుగారికీ తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. కోటవురట్ల నుంచి స్కూటరు మీద ఇరవై నిమిషాల్లో వచ్చేవాళ్ళు కూడా దీన్నే అలుసుగా తీసుకుని పన్నెండున్నరకి దిగబడతారు. వాళ్ళని మూడుసార్లు తిట్టి రాసిస్తాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచంలో ప్రతి కౌంటరు వెనకా నాలాంటి మనిషే ఉంటుందని అనుకున్నాను కాబట్టి.

అక్క కళ్ళ సంగతి హుక్కులతో మొదలైంది. “ఏటే ఇది, హుక్కుల డబ్బీ ఇక్కడే ఎట్టేను, ఎవులు తీసేరు?” అని అరుస్తుంది. డబ్బీ చూస్తే మోచేతి పక్కనే ఉంటుంది. మొదట్లో నవ్వాను. తర్వాత విసుక్కున్నాను. ఒకరోజు వాకిట్లో నిలబెట్టి ఉన్న మోటారుసైకిల్ని గుద్దుకుని మోకాలు చెక్కేసుకున్నాక, విశాఖపట్నం తీసుకెళ్ళాను. కంటి నరం చాలావరకు దెబ్బతిందని అక్కడి డాక్టరు చెప్పాడు. పక్కల చూపు పోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకా బాగానే కనిపిస్తుంది, అది కూడా మెల్లగా తగ్గుతుంది. కళ్ళలో వేసే చుక్కల మందు పోయిన చూపుని తిరిగి తీసుకురాదు, ఉన్నదాన్ని కొన్నాళ్ళు ఆపుతుంది. ఎన్నాళ్ళండీ అంటే, ఏడాది అనుకోండి, ఎక్కువైతే మంచిదే అన్నాడు. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈలోగా చూసేయండమ్మా అని కూడా అన్నాడు. మంచివాడే. మాట మెత్తగా చెప్పాడు.

బస్సులో తిరిగొచ్చాం. మా ఊరికి ముందొచ్చే బలిఘట్టం దాటాక అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుని, “బేగి ఎల్తే మున్సబుగారి కోడలు జాకెట్టు ఈయాల ఇచ్చీయొచ్చు” అంది. నాకు కూడా ఏడుపు రాలేదు. క్లినిక్‌లో రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు, వాళ్ళకి కుర్చీ చూపించి తర్వాతి నెంబరు పిలవడం నాకు అలవాటు. ఇంట్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

వారం తర్వాత అనుకుంటా, మిషను ముందు కూర్చుని నన్ను పిలిచింది.

“ఒసే, ఆ బొమ్మ కింద సన్నక్షరాలేవో ఉన్నాయి. ఏటి రాసుందో సదువు.”

ఇంగ్లీషులో ఉంది. గీసినాయన పేరు, దాని తర్వాత ఒక మ్యూజియం పేరు, ఊరి పేరు. యూరప్‌లో ఊరు. చదివి చెప్పాను.

“అయితే ఇది నిజంగా ఓ కాడ ఉన్నాదన్నమాట. అక్కడికెల్తే సూడనిస్తారా?”

“మ్యూజియం అంటే అందుకేగా.”

“మరైతే నేనెల్తాను.”

“నీకు మతి గాని పోయిందేటి? తిరపతి అంటే అర్థముంది, కాశీ అంటే అర్థముంది. బొమ్మ సూడ్డానికి ఇమానం ఎక్కుతావేటే?”

“తిరపతి సామి కళ్ళు మూసుకున్నా నాకగుపిస్తాడు. ఈవిడ అగుపించదు. ముప్పయ్యేళ్ళు నా ఎదురుగా కూకుని కుట్టింది. ఓపాలి నేనెల్లి ఆవిడెదురుగా నిలబడాల. అంతే.”

మా అక్క ఏదీ అడగదు. పండక్కి చీర కూడా అడగదు. అందుకని నేను సరేనన్నాను. తన దగ్గర ఉన్నదేదో తీసింది, నా దగ్గర ఉన్నదేదో నేను కలిపాను, ఆ ఊసు ఇక్కడ అక్కర్లేదు. పాస్‌పోర్టులు చేయించుకున్నాం. విశాఖపట్నం ట్రావెల్స్‌వాళ్ళ యూరప్ టూరులో చేరాం. ఎనిమిది రోజులు, మూడు దేశాలు, మధ్యాహ్నం పూట ఇండియన్ భోజనం. ఆ ఊరు దారిలో ఉంది. కానీ మ్యూజియం టూరులో లేదు. అక్కడ ఒక రోజున్నర ఉంటాం, ఒక పూట ఎవరిష్టం వాళ్ళది, మ్యూజియానికి వెళ్ళాలంటే టికెట్లు మీరే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దొరకవు అని ట్రావెల్స్‌లో చెప్పారు.

ఆన్‌లైన్‌లో ముందుగా టికెట్టు తీసుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. తిరుమల దర్శనం టికెట్లు మా వీధిలో సగం మందికి నేనే తీశాను. ఏ తేదీన వదులుతారో గుర్తుపెట్టుకోవడం, ఆధార్ నెంబర్లు కాగితం మీద ముందే రాసి పెట్టుకోవడం, గంట కొట్టగానే దిగిపోవడం, అన్నీ నాకు తెలుసు. ఈ మ్యూజియంవాళ్ళది కూడా అదే పద్ధతి. రెండు నెలల ముందు ఫలానా రోజు, వాళ్ళ టైము ఉదయం పదింటికి వదులుతారు. వాళ్ళ పది అంటే మనకి ఒంటిగంటన్నర.

ఆ రోజు క్లినిక్ కిటకిటలాడుతోంది. కౌంటరు మీద ఫోను పెట్టుకుని ఒక చేత్తో టోకెన్లు రాస్తున్నాను. ఒంటిగంటన్నర అయింది. మీ ముందు ఇంతమంది ఉన్నారు, ఆగండి అని ఫోను చెప్పింది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు దండం పెడుతున్నారు. కొండమీది నుంచి వచ్చిన తల్లీ కూతుళ్ళు. “ఉండండమ్మా, నేనూ లైన్లోనే ఉన్నాను” అన్నాను. వాళ్ళకి ఏం అర్థమైందో, దండం పెట్టడం ఆపి నా ఫోను వైపు చూస్తూ నిలబడ్డారు. పావుగంటకి మా వంతు వచ్చింది. మేం వెళ్ళే రోజు ఒకే ఒక్క సమయం మిగిలి ఉంది, పదకొండున్నర. రెండు నొక్కాను. పేర్లు తప్ప ఏమీ అడగలేదు. ఆధార్ అడగలేదు, వయసు అడగలేదు, తండ్రి పేరో భర్త పేరో ఏదీ వద్దంది. ఇంత తేలిగ్గా వచ్చేసిందంటే ఏదో తిరకాసు ఉంటుందని అనుకున్నాను కూడా. టికెట్టు వచ్చింది. దాని కింద నిబంధనలు చాలా ఉన్నాయి. మన బోర్డు లాంటివే అనుకుని చదవలేదు.

తల్లీ కూతుళ్ళకి టోకెన్లు రాసిచ్చి, అక్కకి ఫోను చేశాను. “దొరికీసింది” అన్నాను. “ఓలమ్మో” అంది. సాయంత్రం ఇంటికెళ్తే గారెలు వండి ఉన్నాయి.

రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల్లోనే అక్క ఎడమ కన్ను బాగా మందగించింది. పగలు కూడా గుమ్మం తడుముకునేది. కుడి కన్ను మాత్రం ఎదురుగా పెట్టినదాన్ని ఇంకా పట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కించుకునేది, కానీ సూది ఎక్కడ పెట్టిందో వెతుక్కునేది. నా భయమంతా టికెట్టు రోజు దాకా ఆ కుడి కన్ను నిలబడుతుందా అని. నిలబడింది. తర్వాత జరిగినదాంట్లో తప్పు కంటిది కాదు.

విమానం గురించి, అక్కడి చలి గురించి రాయడానికి నాకేమీ లేదు. ఏం చూశామంటే పెద్దగా గుర్తు లేదు. మా గుంపులో ఇరవై మంది దాకా ఉన్నాం, అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ ఊరు చేరిన మర్నాడు ఉదయం బోటు షికారు. టూరులో ఉన్నదే. ఊరి మధ్యలో కాలవలుంటాయి, అద్దాల కప్పున్న బోటులో తిప్పుతారు. మ్యూజియం ఆ రోజే, పదకొండున్నరకి.

పొద్దున టిఫిన్ దగ్గర గైడుకి టికెట్టు చూపించాను. మధ్యవయసు మనిషి, మన తెలుగాయనే. “బోటు దిగేసరికి పదకొండు దాటుతుంది మేడమ్. మ్యూజియం దూరం. మీరిద్దరూ బోటు మానేసి నేరుగా వెళ్ళిపోండి. ఇక్కడ టైమంటే టైమే” అన్నాడు.

“ఎల్లిపోదామే. ఈ బోటు మనకెందుకు” అంది అక్క.

నాకు బోటెక్కాలనుంది. అది నిజం. అన్ని రోజుల నుంచీ నేను అక్క చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను, చుక్కల మందు వేస్తున్నాను, మెట్లొస్తే మెట్లని చెబుతున్నాను. అద్దాల బోటు ఒక్కటే నాకోసం నేను అనుకున్నది.

“ఇరవై రెండేళ్ళుగా టోకెన్లు రాస్తున్నానండీ, నాకు తెలీదేటి” అన్నాను గైడుతో. “పదకొండున్నర అని వేస్తారు. పన్నెండుకెళ్ళినా పంపుతారు, ఒంటిగంటకెళ్ళినా పంపుతారు. ఎక్కడైనా అంతే.” ఆయన భుజాలెగరేసి బ్రెడ్డు తినుకున్నాడు.

బోటు బాగుంది. బాగుందనే చెప్పాలి. అక్క ఒళ్ళో సంచీ పెట్టుకుని, అటూ ఇటూ ఏమీ చూడకుండా కూర్చుంది. టైమెంతే అని నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి, “అబ్బ, ఊరుకో అక్కా, నాకూ కొంచెం సూడనీ” అని కసిరాను. పక్కన ఎవరో నవ్వారు.

దిగేసరికి పదకొండుంబావు. ఫోనులో దారి పెట్టుకుని బయల్దేరాం. ఆ ఊళ్ళో సందులన్నీ ఒక్కలాగే ఉన్నాయి, వంతెనలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఫోనులో బాణం గుర్తు తిరుగుతూనే ఉంది. ఒకే వంతెన రెండుసార్లు దాటామని అక్క చెబితే నేను నమ్మలేదు, మూడోసారి దాటినప్పుడు తెలిసింది. సైకిళ్ళు చప్పుడు లేకుండా మీదకి వచ్చేస్తున్నాయి. పక్కనుంచి వచ్చేవి అక్కకి కనబడవు కదా, ప్రతిదానికీ తనని లాగాల్సి వచ్చింది. మేం మ్యూజియం గుమ్మం ముందు నిలబడేసరికి పన్నెండూ ఇరవై.

గుమ్మం దగ్గర ముదురు నీలం కోటు వేసుకున్న ఒకమ్మాయి ఉంది. చెవిలో ఏదో పెట్టుకుంది. నా ఫోను మీద యంత్రం పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. ఆమె టికెట్టు కింద నిబంధనల్లో ఒక లైను వేలితో చూపించింది. ఇచ్చిన సమయానికి అరగంట దాటితే ప్రవేశం లేదు. ఇరవై నిమిషాలు ఆలస్యం. సారీ అంది. ఈ రోజుకి ఇంకేమీ ఖాళీ లేదని తన చేతిలో పలకలాంటిది చూపించింది. రేపు తెల్లారి మా బస్సు వేరే దేశం వెళ్ళిపోతుంది.

నేను మామూలుగా తిట్టు కోసం చూశాను. అంటే, ముందు తిడుతుంది, తర్వాత పంపిస్తుంది అనుకున్నాను. ఆమె తిట్టలేదు. నవ్వుముఖంతోనే ఉంది. తిట్టని మనిషితో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. “ప్లీజ్ మేడమ్, ఫైవ్ మినిట్స్” అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆమె మళ్ళీ సారీ అంది.

అప్పుడు అక్క నా చెయ్యి విడిపించుకుని ముందుకెళ్ళింది. సంచీలోంచి చుక్కల మందు సీసా తీసి ఆ అమ్మాయికి చూపించింది. తన కళ్ళు చూపించింది. రెండు చేతులూ జోడించింది.

“అమ్మా, బంగారు తల్లీ, నాకు కళ్ళు పోతన్నాయమ్మా. ఓపాలి సూసీసి ఒచ్చీస్తాను. దీనికోసమే ఒచ్చేను తల్లీ. అంత దూరం నించి ఒచ్చేను. నీకు పున్నెముంటాది.”

తెలుగులోనే. గట్టిగా. మా క్లినిక్ గుమ్మంలో ఎలా నిలబడతారో అలాగే నిలబడి ఉంది. వెనక లైన్లో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. ఎవరో ఫోను ఎత్తారు, ఫొటో తీశారో లేదో తెలియదు. అక్క ఇంకాస్త వంగి ఆ అమ్మాయి కాళ్ళ వైపు చెయ్యి చాపింది. ఆ అమ్మాయి బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది.

నేను అక్క జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను. “రా అక్కా, రా, ఇంక సాలు” అంటూనే లాగాను. తను వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది.

ఎదురుగా బల్ల ఉంటే కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనానికని పొద్దున్నే టూరువాళ్ళు కట్టిచ్చిన పులిహోర పొట్లాలు తీశాను. తిన్నాం. ఇద్దరం మొత్తం తిన్నాం, మెతుకు మిగల్చలేదు. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది. రోడ్డుకి అవతల చిన్న దుకాణంలో ఆ బొమ్మే పోస్టుకార్డుగా వేలాడుతోంది. కొననా అని అడిగాను.

“ఎందుకు? అది మనింట్లో ఉన్నదేగా” అంది.

అంతే. నన్నొక్క మాట అనలేదు. ఆ రోజు అనలేదు, విమానంలో అనలేదు, నర్సీపట్నం వచ్చాక కూడా అనలేదు. తిడితే బాగుండును. నాకు తిట్లు అర్థమవుతాయి.

ఊరికి వచ్చాక అందరూ అడిగారు. మేనత్తని చూసొచ్చారా అని కొలతలకి వచ్చినవాళ్ళు, కూరలమ్మే ఆవిడ, డాక్టరుగారు, అందరూ. నేను నోరు తెరిచేలోపే, “సూసేమండీ. బాగున్నాది” అనేసింది అక్క. మొదటిసారి అన్నప్పుడు ఆశ్చర్యపోయాను. పరువు కోసం అంటోంది అనుకున్నాను. తర్వాత నేనూ అనడం మొదలెట్టాను. బాగుందండీ, చాలా బాగుంది, చూడవలసిందే. అబద్ధం చెబుతున్నట్టు కూడా ఉండేది కాదు. నెంబరు పిలిచినట్టు ఉండేది.

క్లినిక్‌లో కొన్నాళ్ళు బోర్డు ప్రకారం నడిచాను. పన్నెండు కొట్టగానే పుస్తకం మూసేసేదాన్ని. ఒకరోజు ఒంటిగంటకి కొయ్యూరు అవతలి నుంచి ఒకావిడ వచ్చింది. “టైమైపోయిందమ్మా, రేపు రండి” అన్నాను. తిట్టలేదు. మెత్తగానే చెప్పాను. ఆవిడ దండం పెట్టలేదు, బతిమాలలేదు, నా ముఖం ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ వస్తుందేమో అని చూశాను. రాలేదు. ఆ తర్వాత డాక్టరుగారు పిలిచి ఏమైందమ్మా నీకు అనడిగితే, ఏం లేదండీ అన్నాను. మళ్ళీ పది టోకెన్లు ఆపడం మొదలెట్టాను. తిట్టడం మాత్రం రావడం లేదు. ఊరికే రాసిచ్చేస్తున్నాను.

వానలు తగ్గేసరికి అక్క కుడి కన్ను కూడా అయిపోయింది. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, మనిషి అడ్డొస్తే నీడ తెలుస్తుంది. మిషను మీద పాత చీర కప్పాం. హుక్కులు, కాజాలు మాత్రం వేళ్ళతో తడుముకుని కుడుతూనే ఉంటుంది. నాకంటే నీటుగా కుడుతుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పక్క వీధి టీచరుగారు వచ్చారు. వాళ్ళ అమ్మాయీ అల్లుడూ యూరప్ వెళ్తున్నారట. అదే ఊరు. “మీరు చూసొచ్చారు కదండీ, ఆ మ్యూజియానికి టికెట్లు ముందే తీసుకోవాలా? అక్కడికెళ్ళి తీసుకుంటే కుదరదా?” అనడిగారు.

“ముందే తీసుకోవాలండీ, రెండు నెలల ముందే” అన్నాను. “ఇచ్చిన టైముకి అరగంట ముందే వెళ్ళి నిలబడమనండి. బోటు, గీటు అని ఏవీ పెట్టుకోవద్దనండి ఆ పూట.”

ఆవిడ కాగితం మీద రాసుకున్నారు. అక్క మంచం మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. తలెత్తకుండానే అంది.

“ఒకేల ఆలిస్యమైతే బెంగెట్టుకోవొద్దనండి. గుమ్మం కాడున్న పిల్లని బతిమాలుకోమనండి. మంచి పిల్ల. పంపుద్ది.”

టీచరుగారు నవ్వి వెళ్ళిపోయారు. నేను తలుపు వేసి వచ్చి నిలబడ్డాను. ఇన్ని నెలల్లో మా ఇద్దరి మధ్యా ఆ గుమ్మం మాట రావడం అదే మొదలు.

“పంపుద్దేటి అక్కా? మనల్ని పంపిందా?”

“పంపును. ఆగమంది కదే.”

“ఎవరు?”

“ఆ పిల్లే. నువ్వు నా జబ్బట్టుకు లాగినప్పుడు సెవిలోదానితో ఎవులితోనో మాట్లాడతా, ఏలెత్తి ఆగమంది. నేనెనక్కి తిరిగి సూసేను. నాకు పక్కలే అగుపించేవి కాదు గానీ, ఎదరున్నది సుబ్బరంగా అగుపించేది. అదిగో, ఆగమంటంది అని నీకు సెప్పేను కూడా. నువ్వినిపించుకోలేదు. నీకగుపించలేదేమోలే అనుకున్నాను ఇన్నాళ్ళూ.”

సూది ఆపి నా గొంతు వచ్చే వైపు ముఖం తిప్పింది.

“నీకగుపించిందా?”

ఇంతసేపూ ఇదంతా రాస్తూ, ఆ ఒక్కటి రాయకుండా దాటేశాను. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది, నిజమే. ఆ తర్వాత చెవి మీద చెయ్యి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడింది. నా వైపు చూసి ఒక వేలు పైకెత్తింది. ఆ వేలు నాకు తెలుసు. రోజూ నేనెత్తే వేలే అది. ఒక్క నిమిషం ఆగండమ్మా, లోపల అడుగుతున్నాను అని.

“అగుపించింది” అన్నాను.

“మరెందుకు లాగీసేవే?”

చెప్పకూడదనుకున్నాను. నోరు దానంతటదే చెప్పేసింది. “సిగ్గేసింది అక్కా. నువ్వలా దండాలెడతంటే, కాళ్ళట్టుకోబోతంటే, అందరూ సూస్తన్నారు. నాకు సచ్చేంత సిగ్గేసింది.”

అక్క సూదిని జాకెట్టుకి గుచ్చి పెట్టింది. కోపం వచ్చినట్టు లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

“ఎవుల ముందే? అక్కడ మనల్ని ఎరిగినోలు ఒక్కులైనా ఉన్నారేటే?”

“లేరు” అన్నాను.